రెండు మందులు, పద్నాలుగు రోజులు

"పారబోసింది నీళ్ళే కదా మామ్మా" అని రేఖ అనడం అది నాలుగోసారి. "అవి ఉత్త నీళ్ళు కావు" అని జగ్గమ్మ అనడం ఐదోసారి.

తెల్లవారుతూనే మొదలైన తగువు అది. టీ రెండుసార్లు మరిగి చల్లారింది గాని తగువు చల్లారలేదు. వంటింటి గడప దగ్గర తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఖాళీగా బోర్లా పడి ఉంది. గడపకి ఇవతల మనవరాలు, అవతల నాయనమ్మ. మధ్యలో గోడకి జారగిలబడి, కుడి చెంప మీద వేడి గుడ్డ అదుముకుంటూ కుసుమకుమారి.

"మీ అయ్య తెప్పేసుకుని కెరటాలు దాటి ఎల్లి తెచ్చినాడే," అంది జగ్గమ్మ. "ఒడ్డునీళ్ళు కావు. నీలం నీళ్ళు. రెండు మడతల గుడ్డేసి వడకట్టినాను. నువ్వొచ్చి కొబ్బరిసెట్టు మొదట్లో పోసీసినావు."

"కొబ్బరిసెట్టు ఏటీ అనదు మామ్మా. అమ్మ ముక్కు అలాక్కాదు."

కుసుమకి నవ్వొచ్చింది. నవ్వితే కంటి కింద సూది దిగినట్టుంటుంది కాబట్టి పెదవి బిగబట్టింది.

బయట పేటంతా పెళ్ళివారిల్లులా ఉంది. రెండు నెలల వేట నిషేధం రేపటితో తీరిపోతుంది. ఎల్లుండి తెల్లవారితే తొలి వేట. ఇసుక మీద పడవలు బోర్లించి రంగులేస్తున్నారు, ఇంజన్లు పట్టి చూస్తున్నారు, వలలు విప్పి పరుస్తున్నారు. పిల్లలు ఎవరు పిలిచినా పలకడం లేదు. రంగు వాసనకి తల తిరుగుతోందని పొద్దున్న పాలకొచ్చిన ఆవిడ అంది. కుసుమ కూడా అవునని తలూపింది. ఆమెకి ఏ రంగు వాసనా తెలియలేదు.

ఈ సంగతి ఆ ఇంట్లో ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.

కళింగపట్నం దాటాక ఉన్న ఆ చిన్న పేటలో ఎండుచేపల బేరం ఎవరు పెట్టుకున్నా ముందు కుసుమ ముక్కుకి చూపించేవారు. గోనె మూతి విప్పి ఒక గుప్పెడు తీసి, ఒక్కసారి ఊపిరి పీల్చేది. అంతే. ఎన్ని ఎండలు కాసిందో, మధ్యలో వాన తగిలిందో లేదో, ఉప్పు దగ్గర ఎవరు చెయ్యి బిగబట్టారో చెప్పేసేది. బొబ్బిలి నుంచి, శృంగవరపుకోట నుంచి వచ్చే వ్యాపారులు సరుకుని నమ్మేవారు కారు, కుసుమ మాటని నమ్మేవారు.

ఆ ముక్కులోనే కండ పెరిగింది. రెండేళ్ళు వాసన తెలిసినా సరిగా ఊపిరాడక నోటితో గాలి పీల్చుకుని, చివరికి మొన్న ఫిబ్రవరిలో శ్రీకాకుళంలో ఆపరేషన్ చేయించుకుంది. ఆపరేషన్‌కి ఏ వంకా లేదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ రోజుకి రెండుసార్లు ఉప్పునీళ్ళతో ముక్కు కడగాలంది. సీసా ఇచ్చింది, ఉప్పు పొట్లాలు ఇచ్చింది, మరిగించి చల్లార్చిన నీళ్ళు అని కాగితం మీద రాసి కూడా ఇచ్చింది.

పొట్లాలు పది రోజుల్లో అయిపోయాయి. కాగితం ఎక్కడో పడిపోయింది. జగ్గమ్మకి గుర్తున్నది ఒక్కటే మాట, ఉప్పునీళ్ళు. తాత ముత్తాతల నుంచి ఒళ్ళు కోసుకుంటే సముద్రంలో ముంచి మాన్పుకున్న ఇల్లు అది. గుమ్మం ముందు అంత సముద్రాన్ని పెట్టుకుని పొట్లాల కోసం పట్నానికి బస్సెక్కడం ఆమెకి నవ్వులాటగా తోచింది. కొడుకుని పిలిచి డబ్బా చేతికిచ్చింది. నూకయ్య కూడా మారు మాట్లాడలేదు. పెళ్ళాం ముక్కు కోసమని రెండు రోజులకోసారి కెరటాలు దాటి వెళ్ళి, నురగ లేని చోట చూసి మరీ ముంచి తెచ్చాడు.

ముక్కు కడిగేది సముద్రం నీళ్ళతోనని పట్నంలో చదువుకుంటున్న రేఖకి తెలియదు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు రెండో ఏడాది. సెలవులకి వచ్చి నాలుగు రోజులైంది. నిన్న సాయంకాలం తండ్రి తెప్ప మీంచి డబ్బాతో దిగితే ఎందుకని అడిగింది. చెప్పాడు. ఆ పిల్ల ఇసుకలో అలాగే కూర్చుండిపోయింది.

"ఒలే రేఖా, ఇంత సేపు వాగినావు గదా," అంది జగ్గమ్మ ఇప్పుడు, గొంతు కాస్త తగ్గించి, "సముద్రంలో ఏటుంటాదే? గంగమ్మే గదా ఉంటాది."

రేఖ జవాబు చెప్పబోయింది. ఆ పిల్ల చేతిలో ఫోన్ మోగింది.

ఇంట్లో అందరికీ తెలుసు ఆ ఫోన్ దేని కోసమో. ఆరు రోజుల కిందట డాక్టరమ్మ కుసుమ ముక్కులోకి కెమెరా గొట్టం పంపి, లోపలి నుంచి చీము తీసి గాజు గొట్టంలో పెట్టి విశాఖపట్నం పంపింది. ఆ చీములో ఉన్న క్రిమిని వాళ్ళు గిన్నెలో పెంచుతారట. పెంచి, ఒక్కో మందు పక్కన పెట్టి, దేనికి చస్తుందో దేనికి బతుకుతుందో చూస్తారట. ఆ చూసింది ఈ రోజు పంపుతామన్నారు.

"వచ్చింది," అంది రేఖ.

జగ్గమ్మ గడప దాటి వచ్చింది. పెరట్లో వల బాగుచేసుకుంటున్న నూకయ్య నోట్లో దారం అలాగే ఉంచుకుని వచ్చి నిలబడ్డాడు.

"పదహారు మందులు ఏసి సూసినారు," అంది రేఖ. "ఆర్ అంటే మందు పనిచెయ్యనట్టు, క్రిమి సావదు. ఎస్ అంటే సస్తాది." ఆ తర్వాత వేలితో తెర మీద గీస్తూ చదవసాగింది. మందు పేరు, ఆర్. మందు పేరు, ఆర్. జగ్గమ్మ వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటోంది. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికి వచ్చింది. రేఖ గొంతు చిన్నదైపోతూ వచ్చింది. పన్నెండు, ఆర్. పదమూడు, ఆర్. పద్నాలుగు, ఆర్.

కుసుమ చెంప మీది గుడ్డ ఎప్పుడో చల్లబడిపోయింది. తియ్యడం మరిచిపోయింది.

"ఎస్," అంది రేఖ.

జగ్గమ్మ వేలు కణుపు మీద ఆగిపోయింది.

"పదిహేను, ఎస్. పదహారూ ఎస్సే అమ్మా. రెండున్నాయి. నీకు పనిచేసే మందులు రెండున్నాయి."

నూకయ్య నోట్లోంచి దారం ఊడి కింద పడింది. జగ్గమ్మ శ్రీముఖలింగేశ్వరుడి పేరు పలికి, రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. కుసుమ గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే ఆ అదురు చెంపలోకి పాకి నొప్పెట్టింది. ఆ నొప్పి కూడా ఆమెకి బాగుంది. నాలుగు నెలలుగా ఆమె లోలోపల తేల్చేసుకుంది, ఇది తగ్గేది కాదని, ఇక బతుకంతా ఇంతేనని. రెండు. పదహారింట్లో రెండు. ఒక్కటైనా చాలు కదా.

నూకయ్య అప్పటికే వాకిట్లోకి పరుగెత్తాడు. పడవకి రంగులేస్తున్న వాళ్ళకి వినబడేలా, తన ఇంటిదానికి మందు దొరికిందని కేకేశాడు. వాళ్ళు ఏ మందో, దేనికో అడగలేదు. ఎల్లుండి వేటన్న సంబరంలో ఉన్నారు, ఏ మంచి మాటకైనా సిద్ధంగా ఉన్నారు. ఇద్దరు బ్రష్షులెత్తి ఊపారు. పక్కింటావిడ దడి మీంచి తొంగిచూసి, కన్నీళ్ళు తుడుచుకుంటున్న జగ్గమ్మని చూసి కంగారుపడి, సంగతి విని తనూ ఒక చుక్క కన్నీరు పెట్టుకుని వెళ్ళింది.

పావుగంటలో ఉమాశంకర్ స్కూటర్ వాకిట్లో ఆగింది.

ఉమాశంకర్ జగ్గమ్మకి అల్లుడు, నూకయ్య అక్క గురమ్మ మొగుడు. పేట మొగదల ఆయనకి మందుల కొట్టుంది. తుఫాను ఏడాది రోడ్లు తెగిపోతే నడుం లోతు నీళ్ళలో మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన మనిషి. జ్వరమొస్తే పేటంతా ముందు ఆయన దగ్గరికే వెళుతుంది. ఆ ఇంట్లో ఆయన మాటకి ఎదురాడిన వాళ్ళు లేరు.

జగ్గమ్మ కుర్చీ వేసింది. రేఖ ఫోన్ ఇచ్చింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని పై నుంచి కిందికి చదివాడు. మళ్ళీ కింది నుంచి పైకి చదివాడు.

"మూడోది సూడండి మావయ్యా," అంది రేఖ. "ఆర్. అది మీరు మార్చిలో ఇచ్చినారు. ఏడోది ఆర్, అది ఏప్రిల్లో. పదకొండోది సూదిమందు. అదీ మీరు పొడిసిందే."

"ఒసే, నోరు ముయ్యి," అంది జగ్గమ్మ.

ఉమాశంకర్ ఫోన్ని మోకాలి మీద పెట్టుకుని దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆయన మొహం చూస్తే కుసుమకి జాలేసింది. ఎందుకంటే ఆ పిల్లకి తెలియనిది, ఆయన చెప్పనిది ఒకటి తనకి తెలుసు. అది చెప్పడానికి నోరు రాలేదు.

కాసేపటికి ఆయనే తేరుకున్నాడు. చివరి రెండు మందులూ సెలైన్ ద్వారా ఎక్కించేవని, తాను విశాఖపట్నం నుంచి తెప్పించగలనని చెప్పాడు. ఆస్పత్రిలో పడుండక్కర్లేదు, ఎనిమిది గంటలకోసారి తానే వచ్చి ఎక్కిస్తానన్నాడు.

"సెల్లెమ్మా, నువ్వు ఇంట్లోనే ఉండొచ్చు. తొలి ఏటకి ఒడ్డు మీదుండొచ్చు."

ఇల్లు రెండోసారి పండగైపోయింది. నూకయ్య బావ భుజం మీద చెయ్యేశాడు. జగ్గమ్మ అల్లుడికి చేపల పులుసు పెట్టాలని, నిలవ చేపలు తీసి నానెయ్యమని రేఖకి పురమాయించింది. ఆమె ఆనందానికి కారణముంది. వాళ్ళ పేటలో తొలి వేట పడవ ఒడ్డు తగలగానే తొలి గంపని ఆ ఇంటి కోడలు అందుకోవాలి. వాసన చూసి, అందులో మంచి చేపనొకటి ఎంచి గంగమ్మకి విడిచి, తర్వాతే మిగతాది వేలంపాటకి పెట్టాలి. ఇరవై ఏళ్ళుగా ఆ గంప అందుకునేది కుసుమ. అంతకుముందు జగ్గమ్మ. ఇంటి ఆడపిల్ల ముట్టకూడదు, ఎందుకంటే అది మరో ఇంటికి పోయే చెయ్యి. పదేళ్ళప్పుడు గురమ్మ సరదాపడి గంప అంచు పట్టుకుంటే జగ్గమ్మ వీపు మీద ఒక్కటి వేసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. కోడలు ఒడ్డున లేని తొలి వేటని ఆమె ఊహించుకోలేదు.

రేఖ ఒక్కతే సంబరపడలేదు. ఎవరినీ అడక్కుండా డాక్టరమ్మకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, నట్టింట్లో గట్టు మీద ఉంచింది.

డాక్టరమ్మ గొంతులోనూ ఉత్సాహం ఉంది. రిపోర్టు తనకీ వచ్చిందని, ఏ మందూ లేదని వస్తుందేమోనని రెండు రోజులుగా తానూ భయపడ్డానని చెప్పింది. ఆస్పత్రిలో రేపు ఒక మంచం ఖాళీ అవుతోందని, కుసుమ కోసం ఉంచమన్నానని చెప్పింది. ఆ తర్వాత, ఇంట్లో ఎక్కించుకుంటే కుదరదా అని నూకయ్య అడిగాడు.

"కుదరదండి. మందు ఒక్కటే కాదు, రోజు విడిచి రోజు కెమెరా పెట్టి లోపల పట్టిన పక్కులు నేను తియ్యాలి. లేకపోతే మందు అక్కడికి చేరదు. మూడు రోజులకోసారి రక్తం చూడాలి, కిడ్నీలు తట్టుకుంటున్నాయో లేదో తెలియాలి. పద్నాలుగు రోజులు. కుసుమగారికి ముక్కుకీ కంటికీ మధ్య ఎముక కాగితమంత పల్చన. ఈ చీము దాన్ని దాటితే కన్ను పోతుంది." ఒక్క క్షణం ఆగి, "కుసుమగారున్నారా? నాకు రెండు సంగతులు తెలియాలి. దాచకుండా చెప్పండి. ముక్కు ఏ నీళ్ళతో కడుగుతున్నారు?"

కుసుమ అత్త వైపు చూడలేదు. చూడకూడదనుకుంది. తానే ఏదో ఒకటి చెప్పేద్దామని గొంతు సవరించుకుంది.

"సముద్రం నీళ్ళమ్మా," అంది జగ్గమ్మ. ఫోన్‌కి ఎంత దూరంలో ఉండి మాట్లాడాలో తెలియక దాని మీదికి వంగింది. "నానే తెప్పించినాను. నా కోడలికి ఏటీ తెలీదు. ఉప్పునీళ్ళన్నారని తెప్పించినాను."

పెరట్లో రేఖ నానేసిన చేపల గిన్నె మీద కాకి వాలితే కూడా ఎవరూ అదిలించలేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. సముద్రంలో మన కంటికి కనబడని క్రిములు కోట్లుంటాయని, ఆరోగ్యంగా ఉన్న ఒంటికి అవి ఏమీ చెయ్యకపోవచ్చని, కోసిన పచ్చిపుండు మీద అలా కాదని నెమ్మదిగా చెప్పింది. మరిగించి చల్లార్చిన నీళ్ళు తప్ప మరేవీ వద్దంది. సీసా కూడా మరిగించాలంది. జగ్గమ్మ ప్రతి మాటకీ "అలాగేనమ్మా" అంది. తర్వాత వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చుంది.

"రెండోది," అంది డాక్టరమ్మ. "ఈ నాలుగు నెలల్లో వేసుకున్న మందులు, ఒక్కొక్కటీ ఎన్ని రోజులు వేసుకున్నారు?"

రేఖ మావయ్య వంక చూసింది. నూకయ్య నేల వంక చూశాడు. ఉమాశంకర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

కుసుమ లేచింది. అటక మీంచి పాత బిస్కట్ల డబ్బా తీసింది. గాలాలు, సీసం గుళ్ళు, వల కుట్టే సూదులు, ఆ ఇంట్లో పారేయబుద్ధి కానివన్నీ దాచే డబ్బా అది. మూత తీసి మందు అట్టలు ఒక్కొక్కటే గట్టు మీద పెట్టింది. ఒక్కో అట్టలో మూడు నాలుగు మాత్రల గుంటలు ఖాళీ. మిగతావన్నీ నిండుగా ఉన్నాయి.

"మూడేసి రోజులమ్మా," అంది ఫోన్‌లోకి. "మూడో రోజుకి నొప్పి తగ్గిపోయేది. తగ్గినాక మింగడం దండగని దాసీసినాను. మళ్ళీ వస్తే ఉంటాయని. ఎదురింటావిడకి దగ్గొస్తే నాలుగిచ్చినాను. అన్నయ్య ప్రతిసారీ పది రోజులకి ఇచ్చినాడు. పది రోజులూ మింగమనే సెప్పినాడు."

ఉమాశంకర్ తలెత్తాడు. "పరీక్ష సేయించకుండా ఇచ్చిన తప్పు నాది లేమ్మా," అన్నాడు, ఫోన్‌లోని మనిషికో గదిలోని మనిషికో తెలియకుండా.

"మూడు రోజులకి బలహీనమైనవి చస్తాయి," అంది డాక్టరమ్మ. "గట్టివి మిగులుతాయి. ఆ మిగిలినవి పిల్లల్ని పెడతాయి. నాలుగుసార్లు అలా చేశారు. ఇప్పుడు మీ దగ్గర మిగిలిన మందులు రెండే. వీటితో అలా చేస్తే, తర్వాత నా దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు. రేపు పది గంటల్లోపు రండి. ఆ తర్వాత మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు."

ఫోన్ ఆగింది. ఆగిన వెంటనే మాటలు మొదలయ్యాయి.

రేపు వెళ్ళాలని రేఖ. రెండు రోజులాగి వెళితే కొంప మునగదని నూకయ్య. ఎల్లుండి తొలి వేట అయ్యాక ఆ మధ్యాహ్నమే తాను స్వయంగా బండెక్కించి తీసుకెళతానని, ఇంకో మంచం చూస్తారని, చూడకపోతే కాళ్ళు పట్టుకుంటానని అన్నాడు. ఉమాశంకర్ ఈసారి మందు మాట ఎత్తలేదు, వెళ్ళడమే మంచిదని మాత్రం మెల్లగా అన్నాడు. నూకయ్య కస్సుమన్నాడు. ఇందాక ఇంట్లోనే అన్నావు, ఇప్పుడు మాట మారుస్తున్నావన్నాడు. బావకి అతను అలా ఎదురు చెప్పడం ఆ ఇంట్లో అదే మొదలు.

"నాన్నా, కన్ను పోతాదని సెప్పింది. ఇన్నావా లేదా?"

"ఇన్నాను. నాలుగు నెల్లు పోనిది రెండ్రోజుల్లో పోతాదేటి?"

"పోతాది."

"నీకేటి తెలుసు గుంటా? ఇరవై ఏళ్ళు మీ అమ్మ సెయ్యి తగిలి గంప దిగింది. ఒక్క ఏడు కూడా ఖాళీ గంప దిగలేదు. అది నీ కాగితంలో రాసినారేటి?"

అంత గట్టిగా అన్నాక అతనికే భయమేసినట్టుంది. పెళ్ళాం వైపు తిరిగాడు. ఎప్పుడూ అడగనట్టు అడిగాడు. "నువ్వు సెప్పు కుసుమా. ఏటి సేద్దాం?"

కుసుమ పెరట్లోకి వెళ్ళింది.

ఎండ తీక్షణంగా ఉంది. పందిరి మీద నిషేధానికి ముందు ఎండబెట్టిన నెత్తళ్ళ గోనె ఒక్కటి మిగిలి ఉంది. ఆ గోనె సంగతి కుసుమకి ఒక్కదానికే తెలుసు. పోయిన నెల దాని తోడువి ఐదు గోనెలు బొబ్బిలి పంపింది. చూడటానికి వెండిలా మెరుస్తున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నట్టు నటించి, బాగున్నాయంది. నాలుగో రోజున వ్యాపారి వాటిని తిరిగి పంపించాడు. లోపల మెత్తబడి పురుగు పట్టాయి. వ్యాపారి ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆమెని ఇన్నాళ్ళూ నిద్రపోనివ్వలేదు. ఇంట్లో వాళ్ళతో వాన తగిలిందని అబద్ధమాడింది.

గోనె మూతి విప్పి గుప్పెడు తీసింది. మొహానికి దగ్గరగా పెట్టుకుని, కంటి కింద పోటు వస్తున్నా ఆపకుండా లోపలికి పీల్చింది. తన ముక్కులోని కుళ్ళు తప్ప ఇంకేమీ తెలియలేదు.

ఎల్లుండి తొలి గంప అందుకుంటే జరిగేది కూడా ఇదే. పేటంతా చూస్తుండగా చేపని మొహానికి ఎత్తుకుని, గంగమ్మ ముందు అబద్ధమాడాలి.

అయితే ఆమెకి ఏడుపు రాలేదు. అదే ఆశ్చర్యం. ఎస్ అని కూతురన్నప్పుడు కొట్టుకోవడం మొదలెట్టిన గుండె ఇంకా అలాగే కొట్టుకుంటోంది. పద్నాలుగు రోజులు. అవి పోతే జూన్ నెలాఖరు. జూలైలో వానలు పట్టేలోగా కానాగంత చేపలు పడతాయి. కానాగంతల వాసన ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. పచ్చిగా, కొంచెం ఇనుములా, కొంచెం కోసిన దోసకాయలా. గుర్తొచ్చింది. పోగొట్టుకున్నది ఎలా ఉంటుందో ఇంకా గుర్తుంది.

భయమల్లా ఒక్కటే. మందు గురించి కాదు, సూదుల గురించి కాదు. మూడో రోజు గురించి. మూడో రోజుకి నొప్పి తగ్గుతుంది. ఆ రోజు ఇక్కడ పడవలు దిగుతుంటాయి, పాటలు జరుగుతుంటాయి, ఎవరో ఒకరు ఫోన్ చేసి ఎంత చేప పడిందో చెబుతారు. అప్పుడు ఆ మంచం మీద తను ఆగగలదా? నూకయ్య పక్కనుంటే ఆగదు. అతనే బండి తెస్తాడు. రేఖ ఉంటే ఏడుస్తుంది గాని ఆపలేదు. తనకి కావలసింది తన మాట వినని మనిషి.

లోపలి నుంచి తగువు వినబడుతూనే ఉంది. జగ్గమ్మ గొంతు మాత్రం అందులో లేదు.

మధ్యాహ్నం భోజనాలకి కూర్చునేసరికి అందరూ అలిసిపోయారు. ఉమాశంకర్ వెళ్ళిపోతానంటే కుసుమే ఆపింది. అల్లుడి పక్కన నూకయ్య, ఎదురుగా రేఖ. గోడ వైపు తిరిగి కూర్చున్న జగ్గమ్మ కూడా పిలవగా పిలవగా వచ్చి, కంచం ముందు అన్నం కెలుకుతూ కూర్చుంది. ఆమె ఫోన్ మాటలప్పటి నుంచి ఎవరి కళ్ళలోకీ చూడటం లేదు.

కుసుమ అందరికీ పులుసు వేసింది. గరిటె గిన్నెలో పెట్టి, చెయ్యి తుడుచుకుని, నిలబడే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"రేపు తొలి బస్సుకి సికాకుళం ఎల్తన్నాను."

నూకయ్య ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తలేదు, అతని వంక చూసింది, అంతే.

"నాకు వాసన తెలీదు మావా. నాలుగు నెల్ల నుంచి తెలీదు. బొబ్బిలి సరుకు వాన తగిలి పాడవలేదు, నా ముక్కుకి తెలీక పాడైంది. నీకు సెప్పలేదు. ఎల్లుండి నేను గంప అందుకుంటే అది ఉత్త నాటకం."

గదిలో ఎవరూ నమలడం లేదు.

"పద్నాలుగు రోజులూ ఉంటాను. మూడో రోజుకి లేసొచ్చేస్తానని నాకే అనుమానం. నన్ను నానెరుగుదును. అందుకే నాతో మావ రాడు, రేఖ రాదు. అత్త వస్తాది. నేను ఎంత ఏడ్సినా, ఎన్ని సాకులు సెప్పినా నన్ను మంచం దిగనీకుండా కూకోబెట్టగలిగింది ఈ ఇంట్లో అత్త ఒక్కత్తే."

జగ్గమ్మ చేతిలో అన్నం ముద్ద ఆగిపోయింది. నలభై ఐదేళ్ళుగా ఆమె ఒడ్డున లేని తొలి వేట లేదు.

"మరో ఇంటికి పోయే సెయ్యైనా సరే, తొలి గంప రేఖ అందుకుంటాది," అంది కుసుమ.

జగ్గమ్మ అప్పుడు తలెత్తింది. కోడలి వైపు కాదు, మనవరాలి చేతుల వైపు చూసింది.